లోపం మన కుర్రాళ్ళ బుర్రలో లేదండీ

పోస్టు పొడుగే. నేను రాస్తే పొడుగే అవుతుందని మీకు తెలుసు, అయినా చదువుతున్నారు, సంతోషం. ఈసారి మాత్రం ఆదివారం మీటింగు లోపల చదివెయ్యండి. ఇది మనందరి డబ్బు సంగతి.

వ్యక్తిత్వ వికాసం పేరుతో మన కుర్రాళ్ళకి మూడు రోజుల క్యాంపు పెడతామని ఒక ట్రైనర్ గారు వచ్చారు. 60 మందికి కలిపి 85 వేలు అడిగారు. శాంపిల్‌గా గంటన్నర క్లాసు చెప్పారు. బాగానే చెప్పారు, నవ్వించారు, కాదనను. తెర మీద అమెరికా వాళ్ళ ప్రయోగాలు వరసగా వేశారు. మిఠాయి కోసం ఆగిన పిల్లలు, జైలు ఆట, కరెంటు షాకు. అవన్నీ చూపించి చివరికి తేల్చిందేమిటయ్యా అంటే, పేదరికం జేబులో ఉండదట, బుర్రలో ఉంటుందట. మీ ఊరి కుర్రాళ్ళకి ఆగే ఓపిక లేదు, పైకి రావాలన్న తపన లేదు, ఆ రెండూ మేం నేర్పుతాం అన్నారు. హాలంతా చప్పట్లు. కొట్టినవాళ్ళలో ఆ కుర్రాళ్ళ తండ్రులు కూడా ఉన్నారు, అదే నాకు మింగుడు పడలేదు.

కమిటీలో చాలామంది సరే అనేశారు. నేను వద్దంటున్నాను. ఎందుకు వద్దో ఆయన చూపించిన ప్రయోగాలతోనే చెబుతాను, ఎందుకంటే ఆయన చూపించింది సగమే. రిటైరైన రైల్వే గుమాస్తాకి సైకాలజీ ఏం తెలుసని కొందరు అడుగుతారు. కౌంటరు అద్దం అవతల ముప్పై ఏళ్ళకు పైగా మనుషుల్ని చూసినవాడికి కొంత తెలుస్తుంది లెండి, మిగతాది చదువుకున్నాను. నేను తమిళ మీడియంలో చదివానని మీకు తెలుసు. తమిళంలో 'సోదనై' అంటే ప్రయోగం, పరీక్ష. మనిషికొచ్చిన కష్టాన్ని కూడా అదే మాటతో అంటారు. పేదవాడి మీద చేసే ప్రయోగాలకి ఆ మాట అతికినట్టు సరిపోతుంది.

మొదట మిఠాయి. వాల్టర్ మిషెల్ అనే ఆయన 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆవరణలోనే ఉన్న బింగ్ నర్సరీ స్కూల్లో ఇది మొదలెట్టారు. నాలుగేళ్ళ పిల్లాడి ముందు ఒక మార్ష్‌మెలో పెడతారు. అంటే నోట్లో కరిగిపోయే మెత్తటి మిఠాయి, మన పీచుమిఠాయికి దూరపు చుట్టం. "నేను తిరిగొచ్చేదాకా ఆగితే రెండిస్తాను, ఆగలేకపోతే ఇదొక్కటే" అని చెప్పి బయటికెళ్ళిపోతారు. ఆ పిల్లలు పెద్దయ్యాక చూస్తే, ఎక్కువసేపు ఆగినవాళ్ళు చదువులో మెరుగ్గా ఉన్నారని రాశారు. ట్రైనర్ గారు ఇక్కడికి ఆపేశారు.

ఆపకుండా చెప్పాల్సింది చాలా ఉంది. ఆ బడిలో ఎక్కువమంది యూనివర్సిటీ వాళ్ళ పిల్లలు. తిండికి, చదువుకి లోటు లేని ఇళ్ళు. 2018లో టైలర్ వాట్స్, మరో ఇద్దరు కలిసి 900 మందికి పైగా పిల్లల వివరాలు తీసుకుని, అందులోనూ తల్లి కాలేజీ చదువు పూర్తి చెయ్యని ఇళ్ళ పిల్లల మీద దృష్టి పెట్టి, మళ్ళీ లెక్కేశారు. ఇంటి పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకునేసరికి, మిఠాయి కోసం ఆగడానికీ పదిహేనేళ్ళప్పుడు వచ్చే మార్కులకీ ఉన్న సంబంధం చాలామటుకు కరిగిపోయింది.

2013లో రోచెస్టర్ యూనివర్సిటీలో సెలెస్ట్ కిడ్ అనే ఆవిడ, ఆవిడతో ఉన్నవాళ్ళు చేసింది ఇంకా బాగుంటుంది. 28 మంది పిల్లలు. మిఠాయి పెట్టకముందే వాళ్ళకి బొమ్మలేసుకునే సామాను ఇచ్చి, "కాస్త ఆగితే ఇంతకంటే మంచివి తెస్తాను" అన్నారు. సగం మందికి అన్నట్టే తెచ్చిచ్చారు. మిగతా సగం మంది దగ్గరికి ఉత్త చేతులతో వచ్చి "అయ్యో, లేవమ్మా" అన్నారు. ఆ తర్వాత మిఠాయి పరీక్ష. మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి దగ్గర 3 నిమిషాలు. పిల్లల్ని మార్చలేదు, మిఠాయిని మార్చలేదు. మాటిచ్చిన పెద్దమనిషి తీరు మారిందంతే.

ఇప్పుడు మన పిల్లాడి సంగతి ఆలోచించండి. వేస్తామన్న రోడ్డు, ఇస్తామన్న ఉద్యోగం, వస్తుందన్న డబ్బు, ఇలా పుట్టిన దగ్గర్నుంచి ఎన్ని ఉత్త చేతులు చూశాడు వాడు? చేతిలో పడ్డ మిఠాయి వెంటనే నోట్లో వేసుకున్నాడంటే వాడికి బుర్ర లేదని కాదు, లెక్క బాగా వచ్చని అర్థం.

అసలు ఓపిక లేదని ఎవర్నంటున్నారండీ? ఎర్రనీళ్ళు వచ్చిన రోజుల్లో ఒక్క పులస కోసం రాత్రంతా గోదాట్లో వలేసుకుని కూర్చునేవాణ్ణా? ఎన్ని రాత్రులు ఉత్త వల లాగుతాడో ఎవరైనా రాసిపెట్టారా? ఓపిక మీద క్లాసు చెప్పేవాళ్ళని ముందొక రాత్రి ఆ పడవలో కూర్చోబెట్టాలి. దోమలు అదనం, డబ్బులక్కర్లేదు.

జైలు ఆట గురించి ఎక్కువ రాయను. 1971 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్‌లోనే ఫిలిప్ జింబార్డో 24 మంది కుర్రాళ్ళని ఎంచుకుని, కొందరిని వార్డర్లుగా, కొందరిని ఖైదీలుగా చేశారు. రోజుకి 15 డాలర్లు. రెండు వారాలు నడవాల్సింది 6 రోజుల్లో ఆపేశారు, వార్డర్లు అంత క్రూరంగా తయారయ్యారని. "చూశారా, అధికారమిస్తే మనిషి మృగం అవుతాడు" అని ట్రైనర్ గారు ముక్తాయించారు. వార్డర్లని మెత్తగా ఉండొద్దు, గట్టిగా ఉండమని నిర్వాహకులే ఎగదోసిన టేపులు తర్వాత బయటపడ్డాయి. 2019లో తిబో ల టెక్సియే అనే ఫ్రెంచాయన ఆ పాత కాగితాలు, టేపులు తిరగేసి పెద్ద వ్యాసమే రాశారు. 2002లో బీబీసీలో వచ్చిన కార్యక్రమం కోసం హాస్లమ్, రైషర్ అనే ఇద్దరు ఇలాంటిదే చేస్తే వార్డర్లు ఆ పాత్రలోకి దిగనే లేదు. ఎవరో వెనక నుంచి "కానియ్, కానియ్" అంటే జరిగినదాన్ని మనిషి స్వభావం అనడం ఏం న్యాయం?

షాకుల ప్రయోగం మాత్రం అంత తేలిగ్గా తీసెయ్యలేం. 1961లో యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టారు. పేపర్లో ప్రకటన చూసి వచ్చిన మామూలు మనుషులు. పక్క గదిలో ఉన్నాయన తప్పు జవాబు చెప్పినప్పుడల్లా మీట నొక్కి షాకు ఇవ్వాలి. 15 వోల్టుల నుంచి 450 దాకా. నిజానికి షాకు లేదు, పక్క గదిలో అరిచేది నటన, ఆ సంగతి వీళ్ళకి తెలీదు. బూడిదరంగు కోటు వేసుకున్న ఒకాయన పక్కనే నిలబడి "కొనసాగించండి" అంటుంటాడు. 40 మందిలో 26 మంది చివరిదాకా నొక్కారు. ఇది ట్రైనర్ గారు చెప్పారు. మనిషి బానిస బుద్ధి ఇంతే అన్నారు.

మిల్‌గ్రామ్ అక్కడ ఆగలేదు, పరిస్థితులు మార్చి మార్చి చేశారు. కోటాయన గదిలో లేకుండా ఫోన్లో ఆజ్ఞలిస్తే చివరిదాకా వెళ్ళినవాళ్ళు బాగా తగ్గిపోయారు. పక్కన ఇద్దరు తోటివాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళు మధ్యలో "మేం చెయ్యం" అని లేచేలా చేస్తే, 40 మందిలో నలుగురే చివరిదాకా వెళ్ళారు. ఇరవై ఆరు ఎక్కడ, నాలుగు ఎక్కడ! బానిస బుద్ధే అయితే అంత తేడా ఎలా వస్తుంది? పక్కన ఎవరు నిలబడ్డారన్న దాన్ని బట్టి వచ్చింది ఆ తేడా.

మా రైల్వే వాళ్ళకి ఇది మిల్‌గ్రామ్ చెప్పకముందే తెలుసు. పై స్టేషన్ నుంచి ఫోన్లో 'లైన్ క్లియర్' అన్నంత మాత్రాన బండి వదలరు. ఇద్దరు స్టేషన్ మాస్టర్లూ ప్రైవేటు నంబర్లు ఇచ్చి పుచ్చుకుని రిజిస్టర్లో రాసుకోవాలి. నోటి మాటకి ఎవడైనా తలూపుతాడు, రేపు ప్రమాదం జరిగితే నేననలేదంటాడు, అందుకని మనిషిని కాదు పద్ధతిని గట్టి చేశారు. స్టేషన్ మాస్టర్లందరికీ వ్యక్తిత్వ వికాసం క్లాసులు పెట్టి ఊరుకుని ఉంటే ఎన్ని బళ్ళు గుద్దుకునేవో.

సరే, అమెరికా ఊసు వదిలేద్దాం. ట్రైనర్ గారు అసలు ఎత్తని ప్రయోగం ఒకటుంది. అది జరిగింది మన కాకినాడ మనుషుల మీద. యానం నుంచి గంట ప్రయాణం. సైకాలజీ పుస్తకాల్లో కాకినాడ పేరు ప్రపంచమంతా చదువుకుంటారు, మనకే తెలీదు.

డేవిడ్ మెక్లెల్లండ్ అని హార్వర్డ్ ప్రొఫెసరు. కొన్ని దేశాలు, కొందరు మనుషులు పైకి రావడానికి కారణం 'సాధించాలన్న తపన' అని 1961లో పెద్ద పుస్తకం రాశారు. ఆ తపనని నేర్పొచ్చా అని చూడాలనుకున్నారు. 1964లో కాకినాడ వ్యాపారస్తులు 52 మంది హైదరాబాదు వెళ్ళారు. అక్కడ చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ఉండేది, సియెట్ అనేవారు. ఇప్పుడు యూసఫ్‌గూడలో ఎన్ఐ-ఎంఎస్ఎంఈ అన్నది అదే. అక్కడ వాళ్ళకి కోర్సు పెట్టారు. బొమ్మలు చూపించి కథలు రాయించడం, గెలుపోటముల ఆటలు ఆడించడం, వచ్చే రోజుల్లో ఏం చేస్తారో కాగితం మీద పెట్టించడం. శిక్షణ ఇవ్వని వ్యాపారస్తుల్ని కూడా పోలికకి పెట్టుకున్నారు.

ఫలితం బాగానే వచ్చింది, దాచడం ఎందుకు. కోర్సుకు ముందు రెండేళ్ళలో వ్యాపారంలో చెప్పుకోదగ్గ కొత్త అడుగు వేసినవాళ్ళు మూడో వంతు మంది. కోర్సు అయిన ఆరు నుంచి పది నెలల్లో మూడింట రెండొంతుల మంది. కొత్త వ్యాపారం పెట్టడమో, ఉన్నదాన్ని పెంచడమో, కొత్త సరుకు గురించి వాకబు చెయ్యడమో. ఆ తర్వాత మన దేశంలో వచ్చిన పారిశ్రామికవేత్తల శిక్షణలకి ఈ కాకినాడ ప్రయోగమే తాత.

"మరి శిక్షణ పనిచేసిందిగా మాస్టారూ, మీరే ఒప్పుకున్నారు" అంటారు సెక్రటరీ తమ్ముడు. ఒప్పుకున్నాను. ఎవరికి పనిచేసిందో చూడు నాయనా. మెక్లెల్లండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో ఈ మొత్తం కథ పుస్తకంగా తెచ్చారు. వ్యాపారంలో నిర్ణయం తన చేతిలో ఉన్నవాడి దగ్గరే మార్పు బాగా కనబడింది. తపన అందరికీ నేర్పారు, ఆ తపనతో ఏదైనా చెయ్యడానికి గల్లాపెట్టె తాళం ఎవడి దగ్గరుందో వాడే చేశాడు.

మన కుర్రాళ్ళ తాళం ఎవరి దగ్గరుంది? వలకీ, ఇంజనుకీ అడ్వాన్సు ఇచ్చిన షావుకారు దగ్గర. అడ్వాన్సు తీరేదాకా పట్టిన చేప ఆయనకే వెయ్యాలి, ఆయన చెప్పిన రేటుకే వెయ్యాలి. బయట వేలంలో ఎక్కువ పలుకుతుందని తెలిసినా అటు పోడానికి లేదు. వీడికి మూడు రోజులు తపన నేర్పి పంపిస్తే నాలుగో రోజు ఏం చేస్తాడు? అదే రేటుకి అదే చేప, కాస్త ఎక్కువ తపనతో వేస్తాడు.

మెక్లెల్లండ్ చెప్పిన ఇంకో ఆట ఉంది, రింగులాట. తిరణాలలో చూస్తాం కదా, అలాంటిదే. మేకుకి రింగు తగిలించాలి, ఎంత దూరం నుంచి వెయ్యాలో నీ ఇష్టం. తపన ఉన్నవాడు మరీ దగ్గర్నించీ వెయ్యడు, మరీ దూరం నుంచీ వెయ్యడు, కష్టపడితే పడేంత దూరంలో నిలబడతాడట. మంచి మాటే. కానీ ఆ ఆటలో రింగు కింద పడితే వంగి తీసుకుని మళ్ళీ వెయ్యొచ్చు. మనవాడి చేతిలో ఉన్నది ఒకటే రింగు. అది పెళ్ళాం మెళ్ళో గొలుసు తాకట్టు పెట్టి తెచ్చిన రింగు. వాడు మేకుకి ఆనుకుని నిలబడితే పిరికివాడని ఎలా అంటారండీ?

ఇక నాకు బాగా దగ్గరైన ప్రయోగం. విల్లుపురంలో నేను చదువుకున్నాను, ఆ చుట్టుపక్కల చెరకు తోటలు కళ్ళముందే ఉంటాయి. విల్లుపురం, తిరువణ్ణామలై జిల్లాల్లో 464 మంది చెరకు రైతుల మీద చేసింది ఇది. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో అనే నలుగురు రాసి 2013లో 'సైన్స్' పత్రికలో వేశారు. చెరకు రైతుకి డబ్బు ఏడాదికి ఒక్కసారే, కోత అయ్యాక వస్తుంది. కోతకి ముందు నెలల్లో తాకట్లు, అప్పులు. కోత తర్వాత ఊపిరి. వీళ్ళు ఒకే రైతుకి రెండుసార్లు పరీక్ష పెట్టారు, కోతకి ముందోసారి, తర్వాతోసారి. బొమ్మల వరసలో తప్పిపోయింది ఏది పెట్టాలి, అలాంటివి. చదువుతో పని లేదు.

అదే మనిషి, అదే బుర్ర. కోతకి ముందు తక్కువ వచ్చింది, తర్వాత ఎక్కువ వచ్చింది. ఎండాకాలమో వానాకాలమో అనడానికీ లేదు, మిల్లు వాళ్ళు కోతలు నెలల తరబడి సర్దుతారు కాబట్టి ఒక్కో రైతుకి ఒక్కో సమయం. బుర్రలో సగం అప్పు లెక్కలే ఆక్రమించేస్తే మిగతా పనికి చోటు మిగలదని వాళ్ళ వివరణ. ఈ వ్యాసం లెక్కల మీద కూడా విమర్శలు వచ్చాయి, అదే పత్రికలో అచ్చయ్యాయి, అదీ చెప్పడం న్యాయం. అయినా వేట నిషేధం రోజులు చూసిన మన ఆడవాళ్ళని అడగండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. ఏప్రిల్ మొదట్లో ఇంటి లెక్క నోటితో చెప్పే మనిషి, జూన్ వచ్చేసరికి గ్యాసు డబ్బు ఎక్కడ పెట్టాడో మర్చిపోతాడు. జులైలో మళ్ళీ మామూలే. మధ్యలో బుర్ర ఎవరైనా మార్చారా?

పేదరికం బుర్రలో ఉంటుందన్న మాటకి అసలు ప్రమాదం ఇక్కడుంది. ఆ మాట నమ్మితే షావుకారు రేటు అడగక్కర్లేదు, రావాల్సిన డబ్బు ఎందుకు రాలేదని అడగక్కర్లేదు, సంఘం ఏం చేసిందని అసలే అడగక్కర్లేదు. తప్పంతా పద్దెనిమిదేళ్ళ కుర్రాడి నెత్తిన పెట్టి, 85 వేలు చెల్లించి, ఫోటో దిగి, టీలు తాగి వెళ్ళిపోవచ్చు. కుర్రాడు కూడా నమ్మేస్తాడు, ఎందుకంటే తెర మీద చూపించారు, పైగా అమెరికా ప్రయోగం.

నేను ఉట్టినే వద్దనడం లేదు. అదే 85 వేలలో 80 వేలు తీసి, ఎనిమిది మందికి తలా 10 వేలు వడ్డీ లేకుండా ఇద్దాం. వల బాగుచేయించుకోడానికో, ఐస్ బాక్సుకో, షావుకారు అడ్వాన్సులో ముక్క తీర్చడానికో. నెలనెలా తిరిగి కట్టింది ఇంకొకరికి వెళుతుంది. నిషేధం రెండు నెలలూ కట్టక్కర్లేదు. ఎవరికిచ్చాం, ఎంత వచ్చింది అన్నది హాలు గోడ మీద ప్రతి నెలా అంటిద్దాం, పుస్తకం నేను రాస్తాను, జీతం అక్కర్లేదు. గుమాస్తా పని మర్చిపోలేదు. మిగిలిన 5 వేలతో రసీదు పుస్తకాలు, ఒక ఇనప బీరువా తాళం.

డబ్బు తిరిగి కడతారా అని నిన్న ప్రెసిడెంట్ గారు ఫోన్లో అడిగారు. కొందరు ఆలస్యం చేస్తారు. ట్రైనర్ గారికిచ్చిన 85 వేలు మాత్రం ఒక్క రూపాయి తిరిగి రాదండి, అది ఖాయం.

ఆ ఎనిమిది మంది చేతికి కాస్త పట్టు వచ్చాక, వాళ్ళకి లెక్కలు, బేరం, బ్యాంకు పని నేర్పే కోర్సు పెడదామంటే నేనే ముందు చెయ్యెత్తుతాను. కాకినాడలో చేసిన వరస కూడా అదేగా, చేతిలో వ్యాపారం ఉన్నవాళ్ళకి కోర్సు. మనం తిరగేసి చేస్తున్నాం.

ఇంకో మాట మీటింగు గురించి. చేతులెత్తే ఓటు వద్దు, చీటీలు పెడదాం. అందరి చేతులూ లేచినప్పుడు ఒక్కడు దించుకుని కూర్చోడం ఎంత కష్టమో 1951లోనే సాలమన్ ఆష్ అనే ఆయన గీతల కార్డులతో చూపించారు. కళ్ళెదుట పొడుగ్గా కనబడే గీతని పక్కవాళ్ళంతా పొట్టిదంటే, మూడింట ఒక వంతు జవాబులు వాళ్ళతో కలిసిపోయాయి. ఒక్క మనిషి తోడు నిలిచి నిజం చెబితే ఆ సంఖ్య బాగా పడిపోయింది. చీటీలు కుదరదంటే, కనీసం నా పక్కన ఒక్కరు కూర్చోండి.

ఆదివారం సాయంత్రం 5 గంటలకి హాల్లో. అప్పు కావాలనుకునే కుర్రాళ్ళు శనివారం లోపల నాకు పేరు చెప్పండి, కాగితం ఇంటి దగ్గరే ఉంది. ఆడవాళ్ళు తప్పక రండి, ఇంటి లెక్క మీకే తెలుసు.